ఎండకు ప్లాస్టిక్కు చివుకుట – నివారణోపాయములు

మన సహకార సంఘ సభ్యులు మమ్ము తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. “ప్లాస్టిక్కు పరదా నీటికి నానదనియు, చెద పట్టదనియు కదా కొంటిమి. రెండు వేసవులు గడువకమునుపే యిది చేత పట్టినచోట పొడి యగుటకు కారణమేమి?” అని. ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును గాని, దానివలన కలుగు నష్టము చిన్నది కాదు. 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు కరీంనగరు జిల్లాలోనుండి, పిదప పెద్దపల్లి జిల్లాలో చేరిన మన సుల్తానాబాదు ప్రాంతమున, శ్రీరామసాగరు కాలువక్రిందను బోరుబావులక్రిందను పండు యాసంగి వడ్లు కల్లమునకు వచ్చునది ఏప్రిలు, మే మాసములలో. ఎండ మిక్కిలి తీవ్రముగానుండు దినములును, అకాల వర్షములు పడు దినములును అవియే. అట్టి దినములలో అయిదారు నెలల కష్టమంతయు ఒక్క పరదా చాటుననుండును. కావున ఈ విషయమును విశదముగా వ్రాయుచున్నాము.

ఒక రైతు నష్టము, మా పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట మే మాసమున మేము ఒక కొనుగోలు కేంద్రమునకు పోయియుంటిమి. వడ్లలో తేమ నూటికి 17 పాళ్లకు మించరాదని నియమము గదా. అందులకై ఒక రైతు తన వడ్లను నాలుగు దినములుగా ఆరబోయుచు తన వంతుకొఱకు వేచియుండెను. సాయంకాలమున పడమటి దిక్కున మబ్బు పట్టి గాలి లేచెను. అతడు పరుగున పోయి నీలిరంగు పరదాను కుప్పమీద లాగెను. లాగినంతనే అది మడతల వెంబడి చీలిపోయెను. చేతిలో మిగిలిన ముక్కను నలిపి మాకు చూపుచు, “ఎండిన మోదుగాకు లెక్క పొడైపాయె సారూ, కొన్ననాడు మంచిగనే ఉండె” అనెను. ఆ రాత్రి వాన నిలువలేదు. మూడవనాటికి కుప్ప అడుగున మొలకలు కనబడెను.

ఆ పరదాను కొనుటకు పూర్వము ఆ రైతు మా సలహా అడిగియుండెను. “తూకము గలదానిని చూచి కొనుము” అని మాత్రమే చెప్పియుంటిమి. అతడు అట్లే కొనెను. పరదా తూకముగనే యుండెను. అయినను ఎండకు నిలువలేదు. మా సలహా సగము మాత్రమే సరియైనదని ఆనాడు మాకు తెలిసినది. తక్కిన సగమును పూరించుటకే యీ వ్యాసము.

చెఱుపు చేయునది వేడియా, వెలుతురా?

రైతులలో పెక్కురు “ఎండ వేడికి ప్లాస్టిక్కు చచ్చినది” అందురు. ఇది పూర్తిగా సరి కాదు. దీనిని యెవరికి వారే పరీక్షించి చూడవచ్చును. రామగుండము కర్మాగారమునుండి 2021 మొదలు మరల యూరియా వచ్చుచున్నది. అట్టి 45 కిలోల యూరియా సంచులు రెండింటిని తీసికొని, ఒకదానిని రేకుల కప్పుక్రింద అటకమీదను, రెండవదానిని పందిరిమీద ఎండలోను ఉంచుడు. రేకులక్రింద వేడి యెంత హెచ్చుగానుండునో మీకు తెలియును. అయినను అటకమీది సంచి చాలకాలము గట్టిగనే యుండును. పందిరిమీది సంచి కొలది మాసములకే పోగులు పోగులుగా ఊడి, గాలికి ఎగిరిపోవును. వేడి రెంటికిని కలదు. వెలుతురు ఒకదానికే కలదు. కావున తొలి దెబ్బ కొట్టునది వెలుతురని తేలుచున్నది. వేడి దానికి తోడై ఆ పనిని త్వరపఱచును.

ఎండలో మన కంటికి కనబడు వెలుతురు గాక, కంటికి కనబడని కిరణములు కూడ కలవు. వానిలో ఊదా రంగునకు ఆవలనున్నవానిని అతినీలలోహిత కిరణములందురు. భూమికి చేరు సూర్యశక్తిలో ఇవి సుమారు నూటికి అయిదు పాళ్లు మాత్రమే. కాని తక్కిన తొంబదియైదు పాళ్లు చేయలేని పనిని ఇవి చేయగలవు. తెల్లని బట్టపై పడిన పసుపు మరకను ఎన్నిమారులు ఉతికినను పోనిది, ఒక దినము ఎండలో ఆరవేసిన వెలిసిపోవుట మన యాడువారందఱు ఎఱిగినదే. పసుపు రంగును విఱుగగొట్టునట్టి వెలుతురే ప్లాస్టిక్కును కూడ విఱుగగొట్టుచున్నది.

ప్లాస్టిక్కు లోపల జరుగునదేమి?

మనము వాడు పరదాలు, బిందుసేద్యపు గొట్టములు, నారుమడులపై వేయు నీడ వలలు పెక్కు పాలిథీను జాతివి. పాలిథీను 1933లో ఇంగ్లండునందు కనుగొనబడినది. మిక్కిలి గట్టిదియగు హెచ్.డి.పి.ఇ. రకమును 1953లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ జీగ్లరు చేయగలిగెను. మరుసటి యేడు ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీనును సిద్ధపఱచెను. ఈ యిరువురికిని 1963లో నోబెలు బహుమానము లభించెను. నేటి యెరువు సంచులు చాలవఱకు ఈ రెండు పదార్థముల నూలుతో నేసినవే.

ఈ పదార్థములన్నియు పూసల దండలవంటివి. బొగ్గు పరమాణువులు వేలకొలది ఒకదానిప్రక్క నొకటి చేరి పొడవైన గొలుసులుగా నుండును. గొలుసులు పొడవుగా నున్నంతకాలము అవి యొకదానితో నొకటి పెనవేసికొని, పరదా సాగును, మడతపడును, లాగినను తెగదు. గొలుసులు తెగి పొట్టివైనచో పేడులేని త్రాడువలె ఊడిపోవును. పొడి యగుట యనగా ఇదియే.

ఈ గొలుసులు తెగు విధము మన వంటయింటిలోని నూనె కనరు పట్టు విధమువంటిదే. నువ్వుల నూనెను మూతలేని గిన్నెలో ఎండ తగులుచోట నుంచిన, కొలది దినములలో కనరు వాసన వేయును. గాలిలోని ప్రాణవాయువు వెలుతురు సాయముతో నూనెను పట్టుకొనుటయే అందులకు కారణము. పాలిథీనునందును అట్లే జరుగును. మొదట కిరణము తగిలి గొలుసులో ఒకచోట ఒక ఉదజని పరమాణువు ఊడును. అచట గాయమువంటి కొన యొకటి యేర్పడును. ప్రాణవాయువు ఆ కొనను వెంటనే పట్టుకొనును. అట్లు పట్టుకొన్న కొన ప్రక్క గొలుసునుండి మరియొక ఉదజనిని లాగుకొనును. ఇప్పుడు గాయము ఆ గొలుసునకు వచ్చినది. ఎండుగడ్డి వామిలో ఒక పరకకు అంటుకొన్న నిప్పు ప్రక్క పరకకు ప్రాకునట్లు, ఒక గాయము అనేక గాయములకు దారితీయును. తొలి యేడు పరదా బాగుగనే యుండి, రెండవ యేట ఒక్కుమ్మడిగా చెడుటకు కారణమిదియే. చెఱుపు మొదటినుండియు లోలోపల పెరుగుచునే యుండును. మనకు కనబడునప్పటికి కాలము మించిపోవును.

ఇందొక విశేషము కలదు. పరిశుద్ధమైన పాలిథీను ఈ కిరణములను తనంత తాను అంతగా గ్రహింపదు. కాని దానిని కరిగించి పరదాగా చేయునప్పుడు, ఆ మంటవేడికి అందు అక్కడక్కడ ప్రాణవాయువు చేరి చిన్న చిన్న మచ్చలవంటివి యేర్పడును. కిరణములకు చోటిచ్చునవి ఆ మచ్చలే. పాలీప్రొపిలీనునందు ఉదజని మరింత సులభముగా ఊడు చోట్లు గొలుసు పొడవునను ఉండుటచేత, అది పాలిథీనుకంటె త్వరగా చివుకును. మందు కలుపని పాలీప్రొపిలీను మన వేసవి యెండకు ఏమాత్రమును తాళజాలదు.

పీ.వీ.సీ. గొట్టముల రోగము వేఱు. అందు క్లోరిను కలదు. ఎండ తగిలిన కొలది అది ఆమ్లముగా వెలువడి, గొట్టము మొదట పసుపువన్నెకును పిదప గోధుమవన్నెకును తిరిగి పెళుసగును. బోరు నోటియొద్ద భూమిపైన మిగిలిన పీ.వీ.సీ. వంపు గొట్టము కాలు తగిలినంతనే విఱుగుట మీరు చూచియే యుందురు. భూమిలో రెండడుగుల లోతున నున్న అదే గొట్టము చెక్కుచెదరదు.

ప్లాస్టిక్కునకు కలుపు మందులు

ఈ రోగమునకు వైద్యము కలదు. అయితే ఆ మందును పరదా తయారైన పిమ్మట పూయుట కాదు. ప్లాస్టిక్కును కరిగించునప్పుడే అందు కలుపవలెను. విత్తనమునకు మందు పట్టించి విత్తుటవంటి పని యిది. మొలక చచ్చిన పిదప మందు చల్లిన లాభములేనట్లే, చివికిన పరదాకు ఏమి పూసినను ప్రయోజనము లేదు. మందులు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది మసి. పూర్వము మన యిండ్లలో ఆముదపు దీపముపై పళ్లెమును బోర్లించి, పట్టిన మసితో కాటుక చేసికొనెడివారు. ఆ జాతి మసినే నేడు కర్మాగారములలో బరువైన నూనెలను గాలి చాలని కొలుములలో మండించి తయారుచేయుచున్నారు. దీనిని కార్బను బ్లాకు అందురు. బండి టైర్లు నల్లగానుండుటకును కారణమిదియే. ఈ మసి రేణువులు తల వెండ్రుక మందములో కొన్ని వేల వంతులలో ఒక వంతు మాత్రమే యుండును. అవి ప్లాస్టిక్కులో సమముగా కలిసిన యెడల, కిరణములను పైపొరలోనే పట్టి వేడిగా మార్చివేయును. లోపలి గొలుసులకు వెలుతురే చేరదు. నీటి సరఫరాకు వాడు హెచ్.డి.పి.ఇ. గొట్టములలో మసి నూటికి 2 మొదలు 3 పాళ్లు ఉండవలెనని భారత ప్రమాణము ఐ.యస్. 4984 విధించుచున్నది. బిందుసేద్యపు సన్న గొట్టములు నల్లగానుండుటకును కారణమిదియే. మసి అన్నిటికంటె చవుకయైన మందు, అన్నిటికంటె నమ్మకమైన మందు.

దీని గొప్పతనము తొలుత బాగుగ తెలిసినది టెలిఫోను తీగలవారికి. అమెరికాలో బెల్ ప్రయోగశాలలవారు, తీగలపైనుండు సీసపు తొడుగునకు బదులుగా పాలిథీను తొడుగును వేయదలచిరి. అది ఎండకును గాలికిని పగిలిపోవుచుండెను. 1942లో ఆ సంస్థ శాస్త్రజ్ఞుల వర్గమున చేరిన తొలి నల్లజాతీయుడు వాల్టర్ లింకన్ హాకిన్స్, ఆయన తోడివారును, మసితోపాటు ప్రాణవాయువు పనిని అడ్డగించు మందులను కూడ కలుపు పద్ధతిని సాధించిరి. ఆ తొడుగులు ఎండవానలకోర్చి పదుల సంవత్సరములు నిలుచునట్టివి. అందులకు ఆయనకు 1992లో అమెరికా ప్రభుత్వము జాతీయ సాంకేతిక పతకము నొసగెను.

రెండవది తెల్లని పొడి. దీనిని టైటానియం డయాక్సైడు అందురు. గోడలకు వేయు తెల్లరంగులో నుండునదియు ఇదియే. ఇది వెలుతురును వెనుకకు చిమ్మి, అతినీలలోహిత కిరణములను తాను మ్రింగును. అయితే ఇందు రెండు రకములు కలవు. రూటైలు అను రకము, పైపూత గలది, ప్లాస్టిక్కును కాపాడును. అనటేజు అను రకము, పైపూత లేనిది, ఎండలో ప్లాస్టిక్కును మరింత వేగముగా తినివేయును. కావున తెల్లగానున్నంత మాత్రమున ఎండకు ఓర్చునని తలపరాదు.

మూడవది కిరణములను మ్రింగు రసాయనములు. బెంజోఫినోను, బెంజోట్రయజోలు జాతులవి యివి. మసి వేసిన ప్లాస్టిక్కు నల్లబడును గదా. పందిరి యిండ్లపై వెలుతురు లోపలికి రావలసిన తెల్లని పొర నల్లబడిన పనికిరాదు. అట్టిచోట ఈ రసాయనములు కంటికి కనబడక కిరణములను పట్టి, వేడిగా మార్చి విడిచిపెట్టును. వీని లోపము లేమనగా: పలుచని పొరలో ఇవి చాలినంత వెలుతురును పట్టలేవు. పైముఖమును కాపాడజాలవు. మెల్లమెల్లగా పైకి ఊరి, వానకు కడుగుకొనిపోవును.

నాలుగవది కావలికాయు మందు. దీనిని హిండర్డు అమీను జాతి యందురు. వ్యాపారులు పొట్టిగా హాల్స్ అని పిలుతురు. 1970 దశకమునుండి ఇది వాడుకలోనికి వచ్చినది. ఇది వెలుతురును పట్టదు. వెలుతురు లోనికి వచ్చి గొలుసునకు గాయము చేసిన పిదప, ఆ గాయము ప్రక్క గొలుసునకు ప్రాకకుండ పట్టి నిలుపును. విశేషమేమన, ఒక గాయమును మాన్పినంతనే అది నశింపక, మరల మొదటి రూపమును దాల్చి మరియొక గాయమునకు సిద్ధమగును. చేనికావలివాడు ఒక పశువును బందెలదొడ్డికి తోలి, మరల మంచెనెక్కి కూర్చుండునట్లు దీనిని భావింపవచ్చును. ఈ కారణముచేతనే వెయ్యికి కొన్ని పాళ్లు మాత్రమే కలిపినను చాలును. నీలి, పసుపు, ఆకుపచ్చ వన్నెల మంచి పరదాలను నిలుపుచున్నది ముఖ్యముగా ఈ మందే. మూడవదానిని, నాలుగవదానిని కలిపి వాడుట మిక్కిలి శ్రేష్ఠము.

మందు శాశ్వతము కాదు

రైతులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యిది. ఈ మందు పరదాలో దాచిన మూలధనమువంటిది. ఎండలో గడపు ప్రతి దినమును అందులోనుండి కొంత ఖర్చగుచునే యుండును. పనిలేని దినములలో పరదాను పందిరిమీద పరచి విడిచిన, వాన రాకమునుపే ఆ మూలధనము హరించిపోవును. పని కాగానే మడిచి లోపల పెట్టిన, ఆ ధనము వానకాలమునకు మిగులును. ఒకే దుకాణములో ఒకే దినమున కొన్న పరదాలు ఒక యింట మూడేండ్లు, వేఱొక యింట ఒక యేడు నిలుచుటకు కారణము చాలవఱకు ఇదియే.

పాత ప్లాస్టిక్కును కరిగించి చేసిన పరదాలు తక్కువ వెలకు దొరకును. అట్టివానిలో మొదట కలిపిన మందు అంతకుమునుపే ఖర్చయి యుండును. పైగా ఎండకు పుట్టిన మచ్చలు అందు వేలకొలది నిండియుండును. క్రొత్త మందును చాలినంత కలుపక చేసిన, అది పుట్టుకతోనే ముసలిది. దుకాణములో మెఱయుచుండినను వేసవి దాటదు.

కావలికాయు మందునకు ఒక శత్రువు కలదు. అది గంధకము. బూడిద తెగులునకు గంధకపు పొడిని చల్లుటయు, పందిరి యిండ్లలో గంధకమును కాచి పొగ పెట్టుటయు కొందఱి వాడుక. గంధకమునుండియు, క్లోరిను గల కొన్ని పురుగుమందులనుండియు పుట్టు ఆమ్లములు ఈ మందును చంపును. కావున పందిరి యింటి పొర త్వరగా చిరుగుచున్నచో, ఆ యింట గంధకమెంత వాడబడినదో మొదట విచారింపవలెను. అట్లే పొర యినుప గొట్టమునకు తగిలియుండుచోట ఇనుము ఎండకు కాగి, ఆ గీత వెంబడియే పొరను ముందుగా చీల్చును. ఆ గొట్టములకు తెల్లరంగు పూయుటగాని, తెల్లని పట్టీ చుట్టుటగాని మంచిది.

కొనునప్పుడు చేయవలసిన పరీక్షలు

మొదటి పరీక్ష తూకము. పరదాపై “జి.యస్.యం. 250” అని వ్రాసియున్న, చదరపు మీటరునకు 250 గ్రాములని యర్థము. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల పరదా 48 చదరపు మీటర్లగును. అది 12 కిలోలు తూగవలెను. సంఘపు కాటామీద తూచి చూడుడు. తొమ్మిది కిలోలే తూగిన, వ్రాత అబద్ధము.

రెండవ పరీక్ష నీరు. తూకము సరిగానున్నను మోసము జరుగవచ్చును. ఆ రైతు విషయమున జరిగినది ఇదియే. చవుక పరదాలలో తూకముకొఱకు సుద్దపొడిని దట్టించెదరు. పాలిథీను, పాలీప్రొపిలీను నీటికంటె తేలికయైనవి. పరదా అంచునుండి చిన్న ముక్కను కత్తిరించి, గాలి బుడగలు అంటకుండ సబ్బునీటిలో నలిపి, గిన్నెడు నీటిలో వేయుడు. తేలవలెను. మునిగిన యెడల అందు సుద్ద చాలగా చేరినదని తెలిసికొనుడు. అయితే తేలినంత మాత్రమున మందు కలదని యర్థము కాదు. పీ.వీ.సీ. స్వభావముచేతనే మునుగును. దానికి ఈ పరీక్ష పనికిరాదు.

మూడవది ముద్ర. హెచ్.డి.పి.ఇ. టార్పాలినులకు ఐ.యస్. 7903, బిందుసేద్యపు సన్న గొట్టములకు ఐ.యస్. 12786, పీ.వీ.సీ. నీటి గొట్టములకు ఐ.యస్. 4985 అను భారత ప్రమాణములు కలవు. ఐ.యస్.ఐ. ముద్రయు, ప్రమాణపు సంఖ్యయు ఉన్నవేమో చూడుడు. రసీదులో “యు.వి. స్టెబిలైజ్డ్” అని వ్రాయించుకొనుడు. దుకాణదారు నోటిమాటగా చెప్పి వ్రాయుటకు వెనుదీసిన, మీరును కొనుటకు వెనుదీయుడు.

నాలుగవది ఎండ పరీక్ష. అన్నిటికంటె నమ్మదగినది ఇదియే. మిషను పాఠశాలలో మాకు చదువు చెప్పిన ఉపాధ్యాయు లొకరు, “ఒకదానిని మార్చి, రెండవదానిని మార్చక యుంచి, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అదియే పరీక్ష” అని చెప్పుచుండెడివారు. పరదానుండి నాలుగు వ్రేళ్ల వెడల్పు గల పట్టీలను రెండింటిని ఒకే దిక్కుగా కత్తిరింపుడు. ఒకదానిని పెట్టెలో దాచి, రెండవదానిని కార్యాలయపు మిద్దెమీద ఫిబ్రవరి మొదలు మే వఱకు ఎండలో కట్టియుంచుడు. పిదప రెంటికిని సంచి వ్రేలాడదీసి, తెగువఱకు కొంచెము కొంచెముగా ఇసుక పోయుడు. ఎండలోని పట్టీ దాచిన పట్టీ మోసిన బరువులో సగము కూడ మోయలేని యెడల, ఆ రకమును కొనరాదు. సగము బలము పోయినదానిని శాస్త్రజ్ఞులును జీవితము తీరినదానిగనే లెక్కింతురు.

మేము ఈ పరీక్షను ఒక గిడ్డంగి కప్పుమీద చేసి చూచితిమి. చవుక నీలి పరదా పట్టీని నాలుగవ మాసమున విప్పబోగా చేతికి నీలిపొడి అంటి, ముడియొద్దనే తెగిపోయెను. దాని ప్రక్కనే కట్టిన నల్లని సన్న గొట్టపు ముక్క మాత్రము వంచినను పగులలేదు.

వాడుకలో జాగ్రత్తలు

1. వడ్లు ఎత్తిన వెంటనే పరదాను దులిపి, ఆరనిచ్చి, మడిచి, నీడలో నుంచవలెను. ప్రతిమారు ఒకే మడత వేయరాదు. మడత గీతయొద్దనే ముందుగా చీలును.

2. నల్లని పరదా ఎండకు చాలకాలము నిలుచును గాని, తాను బాగుగ కాగును. పగటివేళ తడి వడ్లపై దానిని కప్పియుంచిన లోపల ఆవిరి పట్టి వడ్లు చెమర్చును. కావున వాన లేని పగటిపూట తీసివేసి, రాత్రివేళను వానవేళను మాత్రమే కప్పవలెను.

3. బిందుసేద్యపు గొట్టములను పంట తీయగానే చుట్టి నీడకు చేర్చవలెను. నల్లనివగుటచేత కొంత తాళును గాని, ఎండిన చేనిలో వేసవియంతయు పడవేయుట వృథా వ్యయమే.

4. పీ.వీ.సీ. గొట్టములను పాతిపెట్టవలెను. పైకి మిగిలిన వంపులకు తెల్లరంగు పూయవలెను, లేదా గోనెపట్ట చుట్టవలెను.

5. వ్రేలితో రుద్దిన పొడి అంటినను, మడిచిన తెల్లని గీత పడి పగిలినను, ఆ పరదాను వానకు నమ్మరాదు. దానిని నేలపై పరచుటకు కూడ వాడకుడు. పెచ్చులు వడ్లలో కలిసిన మిల్లువారు ఒప్పుకొనరు. గడ్డిలో కలిసిన పశువుల కడుపున చేరును. చేనిలో కలిసిన ఏండ్ల తరబడి మట్టిలోనే యుండును. పొడికాకమునుపే ప్రోగుచేసి పాత సామానులవారికి ఇచ్చివేయుడు. తగులబెట్టకుడు. దాని పొగ, అందును పీ.వీ.సీ. పొగ, మిక్కిలి కీడు చేయునది.

సంఘము చేయవలసిన పని

పైని చెప్పిన పరీక్షలను ప్రతి రైతును ఒంటరిగా చేయుట కష్టము. మందు కలదో లేదో కంటికి కనబడదు. కనబడని వస్తువును కొనునప్పుడు ఒంటరివాడు మోసపోవును, పదిమంది కలిసిన మోసపోరు. సహకారమునకు ఇంతకుమించిన పని యేమున్నది? సభ్యుల కందఱకు కావలసిన పరదాల లెక్కను వేసవికి ముందుగనే వ్రాసికొని, రెండు మూడు రకముల మచ్చులను తెప్పించి, ఒక వేసవి మిద్దెమీద ఎండబెట్టి చూచి, నిలిచినదానినే మరుసటి యేటికి ఒక్కమారుగా కొనవచ్చును. పెద్ద మొత్తము కొనునప్పుడు ఒక మచ్చును హైదరాబాదులోని సీపెట్ సంస్థకు పంపి పరీక్ష చేయించుట మంచిది. ప్లాస్టిక్కులను పరీక్షించుటకు కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన సంస్థ యది. ఆ రుసుము నూరు పరదాలపై పంచిన, ఒక్కొక్కరికి పడునది స్వల్పము.

పరదా వెలలో కొంత మిగిలెనని సంతోషించి, దాని క్రింద వడ్ల వెలను పోగొట్టుకొనుట లాభము కాదు. మేము మొదట చెప్పిన రైతు ఇప్పుడు మా మాటను మాత్రమే నమ్ముకొని కొనడు. ముక్కను కత్తిరించి నీటిలో వేసి చూచి, రసీదు వ్రాయించుకొని, పరదాను ఇంటిలోనికి తెచ్చిపెట్టుచున్నాడు. అట్లు మమ్ము సరిదిద్దినందులకు మేము అతనికి ఋణపడియున్నాము. తక్కిన సభ్యులును తమ పరదాలు ఎన్ని వేసవులు నిలిచినవో, ఏ రకమైనవో, ఎట్లు దాచిరో వ్రాసి సంఘ కార్యాలయమున ఈయగోరుచున్నాము. ఆ లెక్క చూచుకొని మరుసటి యాసంగికి ఏది కొనవలెనో అందఱము కలిసి నిశ్చయింపవచ్చును.